ఒక పలక లేని కిటికీ

మార్చి నెలంతా నా బల్ల మీద
ఒక నెమలి చచ్చి పడి ఉంది.
గీసింది నేనే, చంపిందీ నేనే.
ఎన్ని రంగులు పోసినా కన్ను తెరవలేదు.

"పక్షులు కావాలి," అంటాడు మిల్లు మేనేజరు అడుసెయి,
"పెళ్ళిళ్ళ కాలం. ఎగిరేదేదైనా పర్లేదు."
కుమాసిలో నాకు రోజూ కనిపించే పక్షి
చెత్తకుప్ప మీది రాబందు.
దాన్ని చుట్టుకుని పెళ్ళికెవరు పోతారు?

ఓ సాయంత్రం కరెంటు పోయింది.
దుమ్‌సొ అంటాం దాన్ని, ఆర్పు-వెలిగించు అని.
మెట్ల మీద కూర్చుని
వేడి కెంకే పొట్లం ఆకు విప్పుతున్నాను.
ఎదురింటి దుఫియె కిటికీకి తొమ్మిది గాజు పలకలుండాలి,
ఎనిమిదే ఉన్నాయి.
ఐదోది నిరుడు బంతి తగిలి పోయింది.

ఆ సందులోంచి ఒక గరిటె బయటికొచ్చింది.
ఆట మధ్యలో యెబొవా పరిగెత్తుకొచ్చి
పులుసు నాకి చూసి
"ఉప్పూ!" అని అరిచి
మళ్ళీ బంతి వెనక పడ్డాడు.
గరిటె లోపలికెళ్ళిపోయింది.
కాసేపటికి అదే దారిన పిల్లి.
ఆ తర్వాత లాంతరు వెలిగించారు కాబోలు,
మసక గాజుల్లోంచి సన్నగా ఎనిమిది చారలు,
మధ్యలో అడ్డూ ఆపూ లేని
ఒక్క లావుపాటి పసుపు.

వేళ్ళకి పిండి అంటుకునే ఉంది.
ఆకు తిరగేసి
కాలిన అగ్గిపుల్లతో గీశాను.

ఆ పైన వారం రోజులు కళ్ళు నన్ను నిద్రపోనివ్వలేదు.
ట్రోట్రో కండక్టరు కుర్రాడు వేళ్ళ సందుల్లో
నిలువుగా మడిచి పెట్టుకున్న నోట్లు గీశాను.
టమాటాలమ్మే ఆమె తట్ట గీశాను,
అది తట్టలాగే ఉంది, అంతకుమించి ఏమీ కాలేదు.
కిటికీ మాత్రం
పక్కన పక్కన పేరుస్తుంటే
వీధై, వాడై, ఊరై
కాగితం అంచు దాటి పోతానంది.

అడుసెయి కళ్ళజోడు పైకి తోశాడు.
"ఐదో పలక మర్చిపోయావు."
మర్చిపోలేదన్నాను.
"అచ్చు తప్పనుకుంటారు జనం."
"తప్పే సార్. కాకపోతే నాది కాదు, బంతిది."
ఆయన నవ్వలేదు.
నెమలినీ ఇస్తేనే కిటికీ అచ్చు వేస్తానన్నాడు.
ఇచ్చాను, శవాన్ని అప్పగించినట్టు.

నీలిరంగులో మునిగి లేచిన బట్ట మీద
మైనం పగిలిన చోటల్లా సన్నటి నరాలు పాకాయి.
వాటిని నేను గీయలేదు.
అందరూ మెచ్చుకునేది వాటినే.

కెజెటియా బజారుకి
కొనడానికి వచ్చినదానిలా వెళ్ళాను.
ఇక్కడ పేరు లేని గుడ్డ గడప దాటదు,
పేరు పెట్టేది గీసినవాళ్ళు కాదు, అమ్మేవాళ్ళు.
అయినా నేనొక పేరు అనుకునే ఉన్నాను, "ఉప్పు చాలలేదు" అని.
నాలుక చివరే ఉంది.

మామె పొక్వా థాను దులిపి పరిచింది,
బియ్యంలో రాళ్ళేరుతున్నట్టు చూసింది,
వేలు తెచ్చి సరిగ్గా ఆ సందు మీద పెట్టింది.
"ఇదా? 'అప్పులవాడు వెళ్ళాడా?'"

మూడు కొట్ల అవతలిదాకా నవ్వులు.
పూసలమ్మే ముసలావిడ అరచేతులు మొహానికడ్డం పెట్టుకుని
వేళ్ళ సందులోంచి తొంగి చూసింది.
ఇంకేముంది, మధ్యాహ్నానికి థాన్లు అయిపోయాయి.
నెమలి అడుగున మడత విప్పకుండా పడుంది.
నా పేరు మింగేశాను,
ఉప్పగానే ఉంది.

ఈస్టర్ ఆదివారం చర్చికి బయల్దేరిన దుఫియెని చూసి
నా కాలు మెట్టు మీదే ఆగిపోయింది.
తన కిటికీని తనే నడుముకి చుట్టుకుని వస్తోంది.
తెలీదు తనకి.
"అప్పులవాడు వెళ్ళాడా?" అని కేకేశాను.
"ఎక్కడ! గుమ్మంలోనే ఉన్నాడు!"
కొంగు సర్దుకుంటూ దగ్గరికొచ్చి
గొంతు తగ్గించింది.
"ఎవరు గీశారో గానీ అక్కా,
పాపం వాళ్ళింట్లోనూ ఓ పలక పగిలే ఉంటుంది."

నా కిటికీకి తొమ్మిదీ ఉన్నాయి.
ఆ రాత్రి లెక్కపెట్టాను,
రెండుసార్లు.